తాత పేరున్న జింక: ఒక డార్క్ కామెడీ ఆట, ఒక తొమ్మిదో తరగతి అబ్బాయి

ఏ వీడియో గేము ఏ పిల్లాడి మనసుకు తగునో చూసి చెప్పడం నా పని. కల్ట్ ఆఫ్ ది ల్యాంబ్ అనే డార్క్ కామెడీ ఆట, అంటే చావు లాంటి చీకటి విషయాలతో నవ్వించే ఆట, గురించి వచ్చిన కేసు ఇది. ఇందులో ఊరు తప్ప మనిషిని గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాను. తల్లిదండ్రులు చదివి సరేనన్నారు. అబ్బాయి కూడా చదివాడు. ఒక వాక్యం తీసేయమన్నాడు, తీసేశాను.

కేసు ఎట్లా వచ్చింది

కర్నూలు సి.క్యాంపు వైపు ఉండే కుటుంబం. తండ్రికి ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. తల్లి ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరు. పెద్దబ్బాయికి పద్నాలుగేళ్లు, చిన్నవాడికి తొమ్మిది. ఇంట్లో జేజి (నాన్నమ్మ) కూడా ఉంటుంది. తాత చనిపోయి అప్పటికి నాలుగు నెలలు. మూడు తరాల క్రైస్తవ కుటుంబం, తాత చాలా ఏళ్లు సంఘపెద్దగా చేశాడు. ఈ వివరాలు ముందే చెప్పడానికి కారణం ఉంది. ఆట తగునా తగదా అన్నది ఆటను మాత్రమే చూసి తేల్చే విషయం కాదు. ఏ ఇంట్లో, ఏ సమయంలో, ఎవరు ఆడుతున్నారన్నది కూడా చూడాలి.

మొదట తల్లి ఒక్కతే వచ్చింది. కూర్చోగానే ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది. కంప్యూటర్ స్క్రీన్‌ను ఫోన్‌తో తీసింది, కాస్త మసకగా ఉంది. గుండ్రటి తలల బొమ్మ జంతువుల జాబితా అది. పిల్లి, కుందేలు, పంది, జింక. ఒక్కోదాని కింద ఇంగ్లిషు అక్షరాల్లో పెద్దబ్బాయి పెట్టిన ఒక పేరు. పిల్లికి ఆమె పేరు. కుందేలుకు జేజి పేరు. పందికి ట్యూషన్ సారు పేరు. జింకకు చనిపోయిన తాత పేరు.

"మేడమ్, వీళ్లను బలి ఇస్తారంట ఆ ఆటలో. చచ్చిపోతే వండి పెడతారంట. ట్యూషన్ సారును చెక్కలో ఇరికించి నిలబెట్టినాడు. ఇదంతా చేస్తా నవ్వుతాండాడు. మా మామ పోయినప్పుడు ఒక్క చుక్క కన్నీళ్లు పెట్టలేదు వీడు. ఇప్పుడేమో నవ్వుతాండాడు."

ఆమె అడిగింది సూటి ప్రశ్న. "ఈ ఆట వీడికి పనికొస్తుందా, పనికిరాదా? అది చెప్పండి చాలు, మిగతాది నేను చూసుకుంటా."

తర్వాతి వారం తండ్రి వచ్చాడు. ఆయన మాట వేరు. "బొమ్మల ఆటే గదా మేడమ్. వీని ఫ్రెండ్సంతా జీటీఏ ఆడ్తాండారు. దానికంటే నయం గదా." జీటీఏ అంటే దొంగతనాలు, కాల్పులు ఉండే నేరాల ఆట. జేజి నా దగ్గరకు రాలేదు గానీ ఆమె మాట మాత్రం తల్లి ద్వారా వచ్చింది. గొర్రెపిల్ల నెత్తిన దయ్యం కిరీటం పెట్టి, దాంతో బలులు ఇప్పించడం ఏం ఆట అని. క్రైస్తవుల ఇంట్లో గొర్రెపిల్ల అంటే యేసు అని తెలిసినవాళ్లకు ఆమె బాధ అర్థమవుతుంది. ఒకే ఇంట్లో ముగ్గురు పెద్దలు, మూడు మాటలు. ముగ్గురి మాటలోనూ పట్టించుకోవలసింది ఉందని నాకు అనిపించింది.

రేటింగ్ చూస్తే సరిపోదా?

తండ్రి అడిగిన మొదటి ప్రశ్న ఇదే. సినిమాలకు ఉన్నట్టు దీనికి సర్టిఫికెట్ ఉండదా అని. మన దేశంలో సినిమాలకు ఇప్పుడు యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+ అని వయసులతో సర్టిఫికెట్లు ఇస్తున్నారు. వీడియో గేములకు అలాంటి ప్రభుత్వ బోర్డు లేదు. మనకు కనిపించేవి బయటి రేటింగులే. అమెరికాలో 1994లో మొదలైన ఈఎస్ఆర్‌బీ 'టీ' అంటే పదమూడేళ్లు దాటినవాళ్లకు, 'ఎం' అంటే పదిహేడు దాటినవాళ్లకు అని ముద్ర వేస్తుంది. యూరప్‌లో 2003 నుంచి ఉన్న పెగి 3, 7, 12, 16, 18 అంకెలు వాడుతుంది. ప్లే స్టోర్‌లో కనిపించే 12+, 16+ లాంటివి ఆట తయారుచేసినవాళ్లు ఒక ప్రశ్నావళికి ఇచ్చిన జవాబులను బట్టి వస్తాయి. తండ్రి చెప్పిన జీటీఏ 5కు ఈఎస్ఆర్‌బీ 'ఎం' ఇచ్చింది, పెగి 18 ఇచ్చింది. కాబట్టి 'దానికంటే నయం' అన్నది పద్నాలుగేళ్ల పిల్లాడికి కొలబద్ద కాలేదు.

ఈ రేటింగులు పనికిరావని నేను అనను. ముందు అవే చూస్తాను. కానీ అవి చెప్పేది తెరమీద ఏం ఉందన్నది మాత్రమే. రక్తం ఉందా, బూతులు ఉన్నాయా, మత్తు ఉందా, జూదం ఉందా. తండ్రికి ఇలా చెప్పాను: మీ దుకాణంలో పురుగుమందు డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు ఉంటాయి కదా, విషం ఎంత ఘాటో అది చెప్తుంది. కొట్టే మనిషి చేతికి పుండు ఉందో లేదో ఆ త్రికోణం చెప్పదు. ఆయనకు వెంటనే అర్థమైంది. "పుండు ఉంటే తక్కువ ఘాటున్న ఆకుపచ్చది కూడా మండుతుంది మేడమ్" అన్నాడు.

డార్క్ కామెడీ విషయంలో ఇది ఇంకా ముఖ్యం. అక్కడ తెరమీద జరిగేదొకటి, ఆట చెప్పేది ఇంకొకటి. చావును చూపిస్తూ ఇంకెవరినో ఎగతాళి చేస్తుంది. ఆ ఎగతాళి అందినవాడికి అది కథ. అందనివాడికి మిగిలేది చావు, రక్తం, దాని పక్కన ఒక నవ్వు. 2010లో పీటర్ మెగ్రా, కేలెబ్ వారెన్ అనే పరిశోధకులు హాస్యం గురించి ఒక సిద్ధాంతం చెప్పారు. ఏదో తప్పు జరిగింది, కానీ ప్రమాదమేమీ లేదు అని ఒకే సమయంలో అనిపించినప్పుడు మనకు నవ్వొస్తుందని దాని సారాంశం. ప్రమాదం లేదన్న నమ్మకం ఏ పిల్లాడికి ఉంది, ఏ పిల్లాడికి లేదు అన్నదే నా పని.

ఆటలో ఏముంది

పిల్లాడిని పిలవకముందే ఆటను నేను ఆడాను. ఎవరో తీసిన వీడియో చూసి తీర్పు చెప్పడం నాకు ఇష్టం ఉండదు. డాక్టరు రిపోర్టు చూడకుండా మందు రాయడు, నేనూ అంతే.

ఆట పేరు కల్ట్ ఆఫ్ ది ల్యాంబ్. మాసివ్ మాన్‌స్టర్ అనే చిన్న బృందం తయారుచేసింది, డివాల్వర్ డిజిటల్ విడుదల చేసింది. 2022 ఆగస్టులో వచ్చింది. మొదటి దృశ్యంలోనే ఒక గొర్రెపిల్లను గొలుసులతో తెచ్చి నలుగురు బిషప్పుల ముందు చంపుతారు. చనిపోయిన గొర్రెపిల్లకు సంకెళ్లలో ఉన్న ఒక దేవుడు కనిపించి ఎర్ర కిరీటం ఇచ్చి, 'నా పేరున ఒక మతం పెట్టు' అని తిరిగి పంపిస్తాడు. అక్కడినుంచి ఆట రెండుగా నడుస్తుంది. అడవుల్లోకి పోయి కత్తితో పోరాడటం ఒక సగం. తెచ్చుకున్న అనుచరులను పెట్టుకుని ఒక ఊరు నడపడం రెండో సగం.

ఆ రెండో సగంలోనే హాస్యమంతా ఉంది. అనుచరులకు వంట చెయ్యాలి. వాళ్లు పెంట చేస్తే ఎత్తెయ్యాలి, లేకపోతే రోగాలు వస్తాయి. రోజూ ప్రసంగం చెయ్యాలి. ప్రసంగం వింటే వాళ్ల భక్తి నీకు బలంగా మారుతుంది. విశ్వాసం తగ్గినవాడు నీకు ఎదురు తిరిగి ఊళ్లో చెడుగా ప్రచారం చేస్తాడు, అప్పుడు చెక్కలో బిగించి 'బుద్ధి' చెప్పొచ్చు. కొన్ని పుట్టగొడుగులు పెట్టి అందరి మెదళ్లు మార్చే పూజ ఉంది. ఒకడు వచ్చి, ఫలానావాడికి పెంటతో వండిన భోజనం పెట్టు, చూసి నవ్వుకుంటానని అడుగుతాడు. ముసలివాళ్లయితే పని మానేస్తారు. చనిపోతే శవాన్ని తియ్యకపోతే కుళ్లిపోతుంది. పూడ్చొచ్చు, వండొచ్చు. బలి పూజ కూడా ఉంది. ఇదంతా పిల్లల బొమ్మల పుస్తకంలా ముద్దుగా గీసి ఉంటుంది.

రేటింగ్ బోర్డు పట్టించుకునేవి కూడా రాసుకున్నాను. రక్తం ఉంది, బొమ్మల రక్తం. పాచికల ఆట ఒకటి ఉంది, పందెం ఆటలోని నాణేలతోనే, నిజం డబ్బు పోదు. ఆన్‌లైన్‌లో తెలియనివాళ్లతో మాట్లాడే చాట్ లేదు. ఇది నాకు పెద్ద ఊరట, ఎందుకంటే పిల్లలకు ఆటల ద్వారా జరిగే హాని చాట్ నుంచి కూడా వస్తుంది. ఇంకొకటి గమనించాలి. ఆట విడుదలయ్యాక మారుతూ ఉంటుంది. 2024 జనవరిలో సిన్స్ ఆఫ్ ది ఫ్లెష్ అని ఉచిత అప్‌డేట్ వచ్చింది. దాంట్లో అనుచరులు గుడారంలోకి పోయి జత కట్టడం, గుడ్లు పెట్టడం చేరాయి. చూపించడం ఏమీ ఉండదు, కానీ 2022లో ఈ ఆట గురించి చదివి సరే అన్న తల్లిదండ్రులకు ఇది తెలియదు.

నా మటుకు తేలిందేమంటే, ఈ ఆట ఎగతాళి చేసేది భక్తులను కాదు. దేవుణ్ణీ కాదు. నమ్మినవాళ్లను పిండుకుని బతికే నాయకుణ్ణి. ఆ నాయకుడి స్థానంలో ఆడేవాడినే కూర్చోబెట్టడం దీని తెలివి. ముద్దుగా ఉన్నావు, అందరూ నిన్ను నమ్మారు, ఇప్పుడు నువ్వేం చేస్తావు అని అడుగుతుంది. బలహీనుడిని చూసి నవ్వించే ఆటకు, బలవంతుడిని చూసి నవ్వించే ఆటకు చాలా తేడా ఉంది. అయితే ఇది నా వయసులో నాకు తోచింది. పద్నాలుగేళ్లవాడికి ఏం తోచిందో వాడినే అడగాలి.

అబ్బాయితో

ఆట ఉన్న ల్యాప్‌టాప్ తీసుకురమ్మన్నాను. ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తే ఈ వయసు పిల్లలు నోరు తెరవరు. పక్కన కూర్చుని ఆడమంటే మాట్లాడతారు.

"ఇందులో నీకు ఎక్కడ నవ్వొస్తుంది?"

పెంట భోజనం దగ్గర. అది ఊహించిందే, ఆ వయసులో ఎవడికైనా అక్కడే నవ్వొస్తుంది. తర్వాత ప్రసంగం దగ్గర. గొర్రెపిల్ల వేదికెక్కగానే అందరూ చేతులెత్తి ఊగుతారు. "పిచ్చోళ్లు మేడమ్, ఏం చెప్పినా నమ్ముతారు" అన్నాడు.

"అయితే ఆట వీళ్లను చూసి నవ్వమంటోందా?"

కాసేపు ఆడుతూనే ఉన్నాడు. "మొదట్లో అట్లే అనుకున్నా. తర్వాత చూస్తే నన్నే. పెట్టేది నేనే కదా. వాళ్లకేం తెలుసు."

ఈ జవాబు కోసమే నేను ఇలాంటి కేసుల్లో వెతుకుతాను. ఇంగ్లిషు మీడియం పిల్లాడు, తెరమీద మాటలు ఆగి చదువుతున్నాడు. చాలామంది చదవరు, బటన్ నొక్కుతూ దాటేస్తారు. అప్పుడు ఆటలోని వ్యంగ్యం మొత్తం జారిపోయి కొట్టడం, చంపడం మాత్రం చేతిలో మిగులుతాయి. ఏ తల్లిదండ్రులైనా సులభంగా చూడగలిగింది ఇది: మాటలు వచ్చినప్పుడు పిల్లాడు ఆగుతున్నాడా, దాటేస్తున్నాడా.

ట్యూషన్ సారు గురించి అడిగితే సిగ్గుపడ్డాడు. ఆ వారం అందరి ముందు మార్కులు చదివి వినిపించాడట ఆయన. పిల్లలు టీచర్లకు పేర్లు పెట్టడం, నోటుపుస్తకం చివర బొమ్మలు గీయడం ఎప్పుడూ ఉన్నదే. దాన్ని నేను అంతకంటే పెద్దది చెయ్యలేదు. ఆ కోపం ట్యూషన్‌లో గొడవగా మారుతోందా అని తల్లిని అడిగాను, లేదంది.

జింక దగ్గరకు నేను తొందరపడి పోలేదు. ఆటలో మతానికి సిద్ధాంతాలు ఎంచుకోవాలి, ప్రతిసారీ రెండిట్లో ఒకటి. వీడు ఎంచుకున్నవి తెరిచి చూపించమన్నాను. ముసలివాళ్లను గౌరవించడమా, ముసలివాళ్లను వదిలించుకోవడమా అన్నచోట గౌరవించడం తీసుకున్నాడు. అంత్యక్రియల పూజా, చచ్చినవాడిని తిరిగి లేపే పూజా అన్నచోట లేపడం తీసుకున్నాడు.

"ఇవెందుకు?"

"ముసలోళ్లను గౌరవిస్తే రోజూ ఫెయిత్ పెరుగుతుంది మేడమ్. లేపే పూజ కూడా ఉంటే మంచి లెవెల్ ఉన్నోళ్లు పోరు."

అంటే లెక్క. నేను ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. ఆటలో పిల్లాడు చేసే ప్రతి ఎంపికా వాడి మనసుకు అద్దం అనుకోవడం తప్పు. గెలవడానికి ఏది లాభమో అది చేస్తారు. బలి ఇచ్చినంత మాత్రాన క్రూరుడు కాడు, గౌరవించినంత మాత్రాన తాత మీద బెంగ అనీ కాదు. ఫొటో చూసి తల్లి భయపడ్డట్టే, సిద్ధాంతాలు చూసి నేను మురిసిపోకూడదు. అందుకే ఇంకేం అనకుండా ఆడనిచ్చాను.

కొంతసేపటికి వాడే అన్నాడు. "జింక ఒకసారి చచ్చిపోయింది. లేపినా. అయినా మళ్లీ ముసల్దైపోతుంది. మళ్లీ లేపాల."

తాత పోయిన రోజు గురించి అప్పుడు అడిగాను. ఆ రోజు వాడికి లెక్కల పరీక్ష. ఇంట్లో పెద్దలు ఆలోచించి పరీక్ష రాయించి తీసుకొద్దామనుకున్నారు, మేనమామ బడి బయట కాచుకుని ఉన్నాడు. సమయం అటూఇటూ అయింది. "నేను వచ్చేసరికి అందరూ సమాధుల తోటకు పోయినారు. ఇంటి ముందర టెంట్‌హౌస్ వాళ్లు కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పెడతాండారు." దాని గురించి ఎవరూ వాడిని అడగలేదు, వాడూ చెప్పలేదు. ఆదరణ కూడికలో (చనిపోయినవారి కుటుంబాన్ని ఓదార్చే ప్రార్థన కూటమిలో) ముందు వరసలో కూర్చోబెట్టారట, తాత గురించి అందరూ మాట్లాడారట. వాడికి చెప్పుకోవడానికి ఏమీ దొరకలేదు, ఎందుకంటే చివరిసారి చూడనే లేదు.

కన్నీళ్లు పెట్టలేదు అన్న తల్లి మాటకు జవాబు ఇక్కడ ఉంది. ఈ వయసు పిల్లల దుఃఖం పెద్దల దుఃఖంలా కూర్చుని ఏడ్చేది కాదు. కాసేపు వస్తుంది, పోతుంది, ఆటలోకి, కోపంలోకి, ఒక్కోసారి నవ్వులోకి దూరుతుంది. ఇది ఇళ్లలో తెలియక పిల్లలను రాతిగుండె అంటారు. ఆ మాట వాళ్లకు వినపడుతుంది.

ఇవి కాక మామూలుగా చూడవలసినవన్నీ చూశాను. నిద్ర బాగుంది, తిండి బాగుంది. మార్కులు కొద్దిగా తగ్గాయి, కానీ క్రికెట్ మానలేదు, స్నేహితులు ఉన్నారు. చచ్చిపోవాలన్న ఆలోచన గురించి సూటిగా అడిగాను, ఇలాంటి కేసులో అది అడగకుండా వదలకూడదు. లేదన్నాడు, ఆ జవాబు చెప్పిన తీరు నాకు నమ్మకంగా ఉంది. ఆట వ్యసనం గురించి తల్లికి భయం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితా ఐసీడీ-11 2022 జనవరిలో అమల్లోకి వచ్చింది, అందులో గేమింగ్ డిజార్డర్ (ఆట వ్యసనం) ఉంది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా అన్నిటికంటే ఆటే ముఖ్యమవడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం, ఇవన్నీ మామూలుగా ఏడాదిపాటు కనిపించాలి. వీడు శని, ఆదివారాల్లో కాసేపు ఆడి లేచి పోతున్నాడు. ఆ పేరు వీడికి అంటగట్టకూడదు.

తమ్ముడు

అసలు ఇబ్బంది ఇక్కడ దొరికింది, ఎవరూ అడగని చోట.

2024 ఆగస్టులో ఈ ఆటకు అన్‌హోలీ అలయన్స్ అనే అప్‌డేట్ వచ్చింది. దాంతో ఒకే తెర మీద ఇద్దరు ఆడొచ్చు. రెండోవాడు మేకపిల్ల. పెద్దవాడు గొర్రెపిల్లగా, తొమ్మిదేళ్ల తమ్ముడు మేకపిల్లగా ఆడుతున్నారని తల్లిదండ్రులకు తెలియదు. అన్నదమ్ములు కొట్టుకోకుండా కూర్చున్నారని సంతోషపడ్డారు.

చిన్నవాడిని ఆట దగ్గర కూర్చోబెట్టి కాసేపు చూశాను. వాడు మాటలు చదవడం లేదు. "వీడు ముసలోడు, పని చెయ్యడు, వేస్టు" అన్నాడు నాతో. తర్వాత తల్లి చెప్పింది, అంతకు ముందు వారం జేజి దగ్గరకు పోయి "జేజీ, నువ్వు పని చెయ్యవు కదా, మరి నిన్నేం చేస్తారు?" అని అడిగాడట. ఆమె నవ్వి ఊరుకుంది గానీ ఆ రాత్రి భోజనం చెయ్యలేదు. తల్లి ఈ మాటను పిల్లాడి అల్లరి కింద తీసేసింది. నేను తీసెయ్యలేకపోయాను. చీకటి పడ్డాక చిన్నవాడు బాత్రూముకు ఒంటరిగా పోవడం మానేసినట్టు కూడా తెలిసింది.

ఒకే ఆట, ఒకే తెర, ఒకే గది. అన్నకు అది నాయకుడి మీద వ్యంగ్యం, తమ్ముడికి అది రూలు: పని చెయ్యనివాడు వేస్టు, చనిపోయినవాడు వంటకు. తొమ్మిదేళ్లకు వ్యంగ్యం కొంత అర్థమవుతుంది, మాట తీరులో, ముఖంలో. కథ మొత్తం తలకిందులుగా చెప్తోందని పట్టుకోవడానికి ఇంకా కొన్నేళ్లు పడుతుంది. ఆట చెడ్డదని కాదు, ఈ పిల్లాడికి కాదు. ముద్దుగా గీసిన ఆటల్లో ఈ ప్రమాదం ఎక్కువ, బొమ్మలు చూసి పెద్దలు చిన్నపిల్లలను కూర్చోబెడతారు. 2017లో వచ్చిన డోకి డోకి లిటరేచర్ క్లబ్ చూస్తే పాఠశాల అమ్మాయిల ముచ్చటైన బొమ్మలు. లోపల ఆత్మహత్య ఉంది. పిల్లలకు తగదని ఆట మొదట్లోనే రాసి ఉంటుంది. ఆ హెచ్చరికను ఎందరు పెద్దలు చదువుతారో మరి.

ఆట చుట్టూ ఉన్నవి

ఆట కన్నా దాని చుట్టూ ఉన్నవాటి గురించి నాకు ఎక్కువ టెన్షన్ పట్టింది. అబ్బాయి కష్టమైన చోట ఎట్లా గెలవాలో యూట్యూబ్‌లో చూస్తున్నాడు. వాడు చూసే వీడియోల్లో ఆడేవాళ్లు తల్లినీ చెల్లినీ కలిపి తిట్టే తిట్లు నోటికి వచ్చినట్టు వదులుతున్నారు. ఆటలో ఉన్న చీకటికి ఒక ఉద్దేశం ఉంది. ఆ తిట్లకు ఏమీ లేదు.

రెండోది అకౌంటు. హైదరాబాద్‌లో బీటెక్ చదివే బావ ప్రేమగా తన స్టీమ్ (కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) అకౌంటుతో లాగిన్ చేసి ఇచ్చి పోయాడు. ఆ అకౌంటులో బావ కొన్న ఆటలన్నీ ఉన్నాయి, వాటిలో పెద్దవాళ్ల ఆటలూ ఉన్నాయి. ఈ ఒక్క ఆట గురించి ఇంట్లో అంత చర్చ జరుగుతుంటే మిగతా అల్మరా అంతా తలుపు తెరిచే ఉంది. తండ్రి ఆ రోజే మార్చాడు. తన పేరున అకౌంటు తీసి, స్టీమ్ ఫ్యామిలీస్ అనే కుటుంబ ఏర్పాటులో పిల్లాడిని చైల్డ్‌గా చేర్చాడు. ఏ ఆటలు కనిపించాలో, ఎంతసేపు ఆడొచ్చో అందులో పెద్దవాళ్లు పెట్టుకోవచ్చు. ఈ ఆటను వాళ్లు మళ్లీ డబ్బు పెట్టి కొన్నారు, అది నాకు నచ్చింది.

ఏం చెప్పాను

తల్లి అడిగిన సూటి ప్రశ్నకు సూటిగానే చెప్పాను. పెద్దవాడికి పనికొస్తుంది. చిన్నవాడికి పనికిరాదు, ఆడటానికీ, పక్కన కూర్చుని చూడటానికీ. కాబట్టి హాల్లో పెద్ద టీవీకి కలిపి ఆడటం ఆపాలి, చిన్నవాడు ట్యూషన్‌కు పోయిన గంటలోనే ఆట. ఏదైనా అప్‌డేట్ వస్తే దాంట్లో ఏం చేరిందో తల్లి చదవాలి. వారానికోసారి పెద్దలలో ఒకరు పక్కన కూర్చోవాలి, కాపలాకు కాదు, 'ఇదెందుకు చేశావు' అని అడగడానికి.

తాత పేరు తీసెయ్యమని చెప్పమంటారా అని తల్లి అడిగింది. వద్దన్నాను. దాని బదులు పిల్లాడిని సమాధుల తోటకు తీసుకెళ్లమన్నాను, వాడు అడిగేదాకా ఆగకుండా. పరీక్ష రోజు గురించి తండ్రే మాట్లాడాలని చెప్పాను. తండ్రి కాసేపు మాట్లాడలేదు. "పరీక్ష పోతే మళ్లీ రాయొచ్చు గదా అని అప్పుడు తోచలేదు మేడమ్" అన్నాడు. ఏడాది చదువు పోతుందన్న భయంతో మంచి మనసుతోనే తీసుకున్న నిర్ణయం అది, ఆ మాట కూడా ఆయనకు చెప్పాను.

జేజి విషయంలో నేను ఒక గీత దాటలేదు. ఆట పిల్లాడి మనసుకు హాని చేస్తుందా అన్నది నా పని. మన విశ్వాసానికి తగునా అన్నది ఆ ఇంటి పని. ఆ కారణంతో వద్దంటే అది పూర్తిగా సబబే. అయితే ఆ కారణమే పిల్లాడికి చెప్పాలి. 'పిచ్చి పడుతుంది, హంతకుడివైపోతావు' అని భయపెట్టొద్దన్నాను. పద్నాలుగేళ్లవాడికి అది అబద్ధమని తెలిసిపోతుంది, ఆ తర్వాత నిజంగా ప్రమాదమైన దాని గురించి చెప్పినా వినడు. ఇంట్లో మాట్లాడుకుని, ఆదివారం ఆట ఉండదని తేల్చుకున్నారు. జేజి అంతవరకు ఒప్పుకుంది.

ఇదే ఆట, ఇదే వయసు, ఇంకో పిల్లాడైతే మీరు వద్దనేవాళ్లేమో అని తండ్రి నాతో అన్నాడు, ప్రశ్నలా. అవును. చచ్చిపోవాలన్న మాట ఒక్కసారైనా అన్న పిల్లాడికి, ఇంట్లో దెబ్బలు తింటున్న పిల్లాడికి, మతం పేరుతో ఎవరో వాడుకున్న పిల్లాడికి, ప్రమాదం లేదన్న భరోసా ఉండదు. వాళ్లకు ఈ ఆటకు ముందు వేరే సహాయం కావాలి. అలాంటప్పుడు రాత్రి పన్నెండైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు ఈ కుటుంబానికీ ఇచ్చాను.

తర్వాత

మూడు నెలల తర్వాత ఫాలో అప్‌కు వచ్చారు. తండ్రీ కొడుకూ ఒక శనివారం పొద్దున సమాధుల తోటకు వెళ్లి వచ్చారు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ తర్వాత కొన్ని రోజులకు రాత్రిపూట వాడు జేజి పక్కన పడుకుని తాత కథలు అడుగుతున్నాడని తల్లి చెప్పింది. ఆట చివరి బిషప్పును కూడా గెలిచాడు. లెక్కల మార్కులు మళ్లీ పెరిగాయి. యూట్యూబ్ వీడియోల మీద ఇంట్లో ఇంకా రోజూ వాదనే.

చిన్నవాడి పని పూర్తి కాలేదు. బాత్రూముకు ఒంటరిగా పోతున్నాడు గానీ, అన్నకు ఇచ్చింది తనకెందుకు ఇవ్వరని అలుగుతున్నాడు. వాడి వయసుకు తగిన ఇద్దరు ఆడే ఆటలు కొన్ని రాసిచ్చాను, అన్న వాడితో వారానికి రెండుసార్లు ఆడాలన్న షరతుతో. జేజి పని చెయ్యదన్న మాట గురించి వాడితో విడిగా మాట్లాడుతున్నాను. వచ్చే నెల ఆమెను కూడా తీసుకురమ్మన్నాను.